సెలవుల్లో పట్నం ఎన్ని రోజులు, ఊరు ఎన్ని రోజులు? తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదు నుంచి సెలవులకు బయల్దేరేవాళ్ళకూ, విదేశాల నుంచి సెలవు పెట్టి హైదరాబాదులో దిగేవాళ్ళకూ ఎక్కువగా వచ్చే సందేహాలివి. ఇక్కడ ఊరు అంటే మీ సొంతూరే కానక్కర్లేదు. చెరువుగట్టు, అడవి, ఏటి ఒడ్డు, కొండమీది కాఫీతోట, అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి.

లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

రాత్రుల దగ్గర. ఐదు రోజుల ట్రిప్పంటే ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోలా అనుకుంటారు. నాలుగు రాత్రులంటే అందరికీ ఒకటే. ఒక కాగితం మీద రాత్రులన్నీ వరసగా వేసి, ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో పక్కన రాయండి. పడుకునే చోటు మారిన ప్రతిసారీ సగం రోజు కొట్టేయండి. హోటల్ గది పొద్దున 10 నుంచి 12 లోపు ఖాళీ చేయాలి, కొత్తచోట మధ్యాహ్నం 12, 2 అయితేగానీ తాళం ఇవ్వరు. మధ్యలో సర్దుడు, ప్రయాణం, భోజనం. పిల్లలున్న ఇంట్లో సర్దడానికే రెండు గంటలు.

ఆరు రాత్రులకు మూడు చోట్లు పెట్టుకున్నారనుకోండి. మధ్యలో రెండు మార్పులు, పోను ఒకటి, రాను ఒకటి. నాలుగు సగాలు కలిపితే రెండు రోజులు దారిపాలు. ఇది ముందే కాగితం మీద కనబడితే ‘ఎలాగూ అటే వెళ్తున్నాం కదా’ అని మూడో చోటు చేర్చే బుద్ధి పుట్టదు.

ఎన్ని రాత్రులుంటే ఎలా పంచుకోవాలి?

మూడే ఉంటే పంచకండి, ఏదో ఒకచోటే గడపండి. నాలుగో ఐదో ఉంటే ఊరికి మూడు, మిగిలింది పట్నానికి. ఏడుంటే ఊరికి నాలుగు, పట్నానికి మూడు. పది దాటితే ఒకే ఊరి వాటా పెంచడం కన్నా రెండో ఊరిని చేర్చడం నయం. ఒకేచోట ఐదో రోజుకి పలకరింపులైపోతాయి, పిల్లలు ఫోన్లలో తల దూరుస్తారు.

ఈ అంకెలు గాల్లోంచి తీసినవి కావు. పట్నాన్ని పూటలుగా కోసుకోవచ్చు. ఈ వారం ఒక పూట సాలార్‌జంగ్ మ్యూజియం చూసి, నాలుగు రోజులాగి ఇంకో పూట గోల్కొండ ఎక్కినా పోయేదేమీ లేదు. ఊరు అలా తెగదు. అక్కడ బాగుండే సమయమంతా తెల్లవారుజామున ఐదు నుంచి తొమ్మిది దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా. ఆ రెండు పూటలూ దక్కాలంటే ముందు రాత్రీ, ఆ రాత్రీ అక్కడే పడుకోవాలి. తొమ్మిదింటికి తీరిగ్గా బయల్దేరి, మిట్టమధ్యాహ్నం చేరి, నాలుగింటికి కారు వెనక్కి తిప్పేవాళ్ళకు దక్కేది ఎండ ఒక్కటే.

సొంతూరికి రెండు రాత్రులు చాలవా?

చాలవు. చేరిన సాయంత్రం కాళ్ళు కడుక్కుని కూర్చోగానే వీధి వీధంతా వస్తుంది. రెండో రోజు పెద్దవాళ్ళ ఇళ్ళు. ఎవరింటికి వెళ్ళకపోతే ఎవరికి కోపమో మీకు తెలుసు. ప్రతి ఇంట్లో టీ, కనీసం రెండిళ్ళలో భోజనం. చేను, చెరువు, బడి, సంత వంటివన్నీ మూడో రోజుకి గానీ చేతికి రావు. రెండు రాత్రులకే తిరుగు ప్రయాణం పెట్టుకుంటే సరిగ్గా ఆ రోజే బండెక్కుతారు.

తగ్గించుకునే దారి ఒకటుంది. చేరిన సాయంత్రమే అందరికన్నా పెద్దవారింటికి వెళ్ళి రండి. మర్నాడు భోజనం ఒక్కచోటే ఒప్పుకుని, మిగతా ఇళ్ళకు సాయంత్రం ఐదు తర్వాత నడుచుకుంటూ వెళ్ళండి. కారేసుకుని వెళ్తే దిగి కూర్చోక తప్పదు. నడిచి వెళ్తే అరుగు మీద పలకరించి ముందుకు సాగొచ్చు.

చుట్టాలెవరూ లేని చోట, అంటే పర్యాటక శాఖ హరిత హోటళ్ళు, అటవీశాఖ కాటేజీలు, తోటల్లో అద్దెకిచ్చే గదుల్లో, రెండు రాత్రులు సరిపోతాయి. దూరం వెళ్ళేటప్పుడు ఒక్క రాత్రికి మాత్రం వెళ్ళకండి.

ముందు పట్నమా, ఊరా?

పట్నం రెండు కొసలా, ఊరు నడుమ. విమానాలు, పెద్ద రైళ్ళు పట్నంలోనే ఆగుతాయి, వాటికి ఆలస్యాలూ ఉంటాయి. కొసన పట్నముంటే ఆలస్యమైనా ఒక మ్యూజియమో ఒక షాపింగో పోతుంది, ఊరు రోజులు చెక్కుచెదరవు. పైగా ఊరి నుంచి వచ్చేటప్పుడు సామాను పెరుగుతుంది. బియ్యం, పచ్చళ్ళు, నువ్వులు, అప్పాలు. ఆ మూటలతో మరో నాలుగు చోట్లు తిరగడం ఎవరి వల్లా కాదు.

పట్నంలో చేయించుకునే పనులకూ ఇదే వరస కలిసొస్తుంది. బ్లౌజులు కుట్టడానికి వారం పది రోజులడుగుతారు. శ్రావణంలోనో పెళ్ళి ముహూర్తాలప్పుడో అయితే ఇంకా ఎక్కువ, మగ్గం వర్కుకు రెండు మూడు వారాలు. రూట్ కెనాల్ చేయించుకుంటే కొలతలిచ్చాక క్యాప్ రావడానికి సాధారణంగా వారం. ఇవన్నీ మొదటి విడతలో అప్పగించి ఊరెళ్ళండి, తిరిగొచ్చాక తీసుకోండి. తిరుగు ప్రయాణానికి నాలుగు రోజుల ముందు బట్టలిచ్చి టైలరు చుట్టూ తిరిగేవాళ్ళు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు.

పండగ తేదీ ఊరిని ముందుకు లాగితే మాత్రం పండగ మాటే వినండి.

అమెరికా నుంచి మూడు వారాలకు వస్తున్నాం. ఎలా వేసుకోవాలి?

21 రాత్రులకు పనికొచ్చే ఒక వరస: హైదరాబాదు 3, మొదటి ఊరు 5, హైదరాబాదు 2, రెండో ఊరు 4, మీ నలుగురే వెళ్ళే చోటు 3, చివరికి హైదరాబాదు 4.

మొదటి మూడు రాత్రులు నిద్ర కోసం. అమెరికా తూర్పు తీరానికీ మనకూ తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. పడమటి తీరమైతే ఇంకో మూడు గంటలు కలపండి. రాత్రి రెండింటికి పిల్లలు మేలుకుని ఆకలంటారు. ఆ గొడవ ఊళ్ళో అందరూ పడుకున్నాక కన్నా హైదరాబాదు ఫ్లాట్‌లో పడితేనే మేలు. ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా ఊరికి రాత్రిపూట కారులో బయల్దేరకండి. మీకు నిద్ర రాకపోవచ్చు, రాత్రి పది నుంచి మీ కోసం కాచుకుని కూర్చున్న డ్రైవరుకు వస్తుంది.

ఈ మూడు రోజుల్లోనే సిమ్, రక్తపరీక్షలు, పళ్ళ డాక్టరు, టైలరు, బ్యాంకు. భూమి పనులుంటే ఊరి రాత్రుల్లో కనీసం రెండు పనిదినాలు పడేలా చూసుకోండి. తెలంగాణలో వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ తహసీల్దారు ఆఫీసులోనే, ముందు స్లాటు బుక్ చేసుకోవాలి. ఆదివారాలు, రెండో శనివారం సెలవు. శుక్రవారం సాయంత్రం ఊరు చేరి ఆదివారం రాత్రి వచ్చేస్తే సంతకం పెట్టే పని మళ్ళీ ఏడాదికే.

రెండు ఊళ్ళ వాటా సమానంగా ఉండాలా అంటే, ఉండాలి. అమ్మగారి వైపు ఐదు, అత్తగారి వైపు నాలుగు పడ్డప్పుడు వచ్చే ఏడు అటూఇటూ మార్చండి. ఆ మాట ఈసారే పెద్దవాళ్ళకు చెప్పేస్తే సగం అలకలు తప్పుతాయి. మీ నలుగురే వెళ్ళే ఆ మూడు రాత్రులను మాత్రం ఎవరడిగినా ఇవ్వకండి. మూడు వారాలు మన ఇంట్లో మనమే అతిథులుగా ఉంటే తిరిగెళ్ళాక మళ్ళీ సెలవు కావాలనిపిస్తుంది.

ఇతర ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు హైదరాబాదులో ఎన్ని రోజులు చాలు?

చూడటానికే అయితే మూడు. దిక్కుల్ని బట్టి కట్టలు కట్టుకోవాలి. చార్మినార్, చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ ఒక కట్ట. మూడూ పాతబస్తీ వైపే, ఆటోకి పది పదిహేను నిమిషాల ఎడం. గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు రెండో కట్ట. రామోజీ ఫిల్మ్ సిటీ ఒక్కదానికే పొద్దున్నుంచి సాయంత్రం దాకా పడుతుంది, దాని పక్కన ఇంకేదీ రాయకండి. చార్మినార్ పొద్దున, గోల్కొండ సాయంత్రం అని ఒకే రోజులో కలిపితే మెహిదీపట్నం దగ్గర ట్రాఫిక్కే మూడో సందర్శన స్థలమవుతుంది.

వారాలు చూసుకోండి. సాలార్‌జంగ్, చౌమహల్లా శుక్రవారం మూసేస్తారు. జూ పార్కుకు సోమవారం సెలవు. గోల్కొండకు పొద్దున తెరవగానే వెళ్ళి పదకొండు లోపు దిగాలి, లేదా మధ్యాహ్నం మూడున్నరకి ఎక్కడం మొదలుపెట్టి, కిందకొచ్చి సౌండ్ అండ్ లైట్ షోకి కూర్చోవాలి. మధ్యాహ్నం ఆ రాతిమెట్ల మీద నీడ ఉండదు. ముసలివాళ్ళుంటే బాలాహిస్సార్ పైదాకా లాక్కెళ్ళకండి. ఫతే దర్వాజా దగ్గర కొట్టిన చప్పట్లు పైన వినబడతాయంటారు, వాళ్ళు కింద చప్పట్లు కొట్టే వంతు తీసుకుంటే చాలు.

మెట్రో ఎయిర్‌పోర్టుకు ఇంకా పోదు. మియాపూర్–ఎల్బీనగర్, నాగోల్–రాయదుర్గం, జేబీఎస్–ఎంజీబీఎస్, ఈ మూడు లైన్లకు నడక దూరంలో గది దొరికితే రోజుకు గంటన్నర మిగులుతుంది. శంషాబాదుకు పుష్పక్ బస్సులున్నాయి.

దూరం వెళ్ళే తీరిక లేదు. నగరం దగ్గర్లో ఊరి గాలి దొరుకుతుందా?

దొరుకుతుంది, ఒక రాత్రి అక్కడ పడుకుంటే. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండలు 75–80 కిలోమీటర్లు, మూసీ పుట్టేది అక్కడే. ఆదివారం పొద్దున పదింటికి వెళ్తే నగరమంతా మీతో పాటే వచ్చినట్టుంటుంది. శనివారం రాత్రి అక్కడే ఉండి ఆదివారం ఆరింటికి అడవిలో నడిచి, పది లోపు వెనుదిరగండి.

పగటిపూట మాత్రమే వెళ్ళి రావడానికి పనికొచ్చే ఊరు భూదాన్ పోచంపల్లి, 50 కిలోమీటర్ల లోపే. ఇక్కత్ నేత ఇళ్ళల్లోనే సాగుతుంది కాబట్టి ఎండతో పని లేదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావేకి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిచ్చిన ఊరు ఇదే. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. పండగ రోజున వెళ్తే మగ్గాలు ఆగిపోయి ఉంటాయి.

ఒకే దారిలో పట్నం, పల్లె రెండూ కలిసే ట్రిప్పు చెప్పండి.

నాలుగు రాత్రులైతే వరంగల్–ములుగు. తెల్లారి బయల్దేరి ఘట్‌కేసర్ మీదుగా 150 కిలోమీటర్లు, భోజనానికి హనుమకొండ. ఆ మధ్యాహ్నం వేయిస్తంభాల గుడి, సాయంత్రం కోటలో కీర్తితోరణాలు, ఒక రాత్రి అక్కడే. మర్నాడు పొద్దున్నే పాలంపేట రామప్ప. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. ఎనిమిదింటికి అక్కడుంటే నల్లరాతి మదనికల (నాట్యగత్తెల శిల్పాల) మీద వెలుగు ఏటవాలుగా పడుతుంది, బస్సులూ ఇంకా రావు. అక్కణ్ణుంచి లక్నవరం చెరువు, రెండు రాత్రులు. నాలుగో రాత్రి వరంగల్‌లోనా లక్నవరంలోనా అంటే, వానాకాలమైతే లక్నవరంలోనే. పగలు బొగత జలపాతం చూసి రావచ్చు. బొగతకు జులై నుంచి నవంబరు దాకా నీళ్ళు, మార్చిలో రాళ్ళు. వరద ఎక్కువైతే లోపలికి పంపరు, బయల్దేరే ముందు గది ఇచ్చినవాళ్ళనే అడగండి.

సరి సంవత్సరాల్లో మాఘమాసాన మేడారం జాతర. అప్పుడు ములుగు రోడ్డంతా జాతరదే. జాతర కోసం కాకపోతే ఆ వారం, దాని ముందు వెనక వారాలు ఈ దారి పెట్టుకోవద్దు. లక్నవరంలో గదీ దొరకదు, రోడ్డూ కదలదు.

విశాఖ–అరకుకు ఎన్ని రాత్రులు?

రైల్లో గడిచే రాత్రులు కాక విశాఖలో రెండు, కొండమీద రెండు. అందరికీ ఎదురయ్యే ఇబ్బంది మొదటి పొద్దునే. హైదరాబాదు రైలు తెల్లవారుజామున విశాఖ చేరుతుంది, అరకు మీదుగా పోయే కిరండూల్ రైలు ఏడు ప్రాంతంలో కదులుతుంది, దిగి ఇది ఎక్కేద్దామనిపిస్తుంది. మన రైలు గంట ఆలస్యమైతే అరకు టికెట్టు పోయినట్టే, అద్దాల బోగీ టికెట్టు మర్నాటికి దొరకదు. మొదటి పగలు, రాత్రి విశాఖకే ఇవ్వండి. బీచ్ రోడ్డు, సబ్‌మెరైన్ మ్యూజియం (సోమవారం సెలవు), కైలాసగిరి ఆ పూటలకు సరిపోతాయి.

రెండో పొద్దున రైల్లో అరకు దాకా వెళ్ళండి. బొర్రా గుహల స్టేషన్ ముందే వస్తుంది, కానీ అక్కడ దిగితే పైకెళ్ళడానికి మళ్ళీ బండి వెతుక్కోవాలి. గుహలను తిరుగు ప్రయాణంలో రోడ్డు మీదుగా వస్తూ చూడండి. అనంతగిరి కాఫీతోటలూ ఆ దారిలోనే. వంజంగి కొండ మీంచి మబ్బులు చూడాలంటే రెండో రాత్రి పాడేరులో పడుకోవాలి. అరకులో పడుకుని రెండింటికి లేచి ఘాట్ రోడ్డు మీద చీకట్లో పోవడం పిల్లలకు వాంతులు తప్ప మరేమీ ఇవ్వదు. లంబసింగి దీనికి కలపకండి, అది వేరే దిక్కు, వేరే ట్రిప్పు. నవంబరు నుంచి జనవరి దాకా శని, ఆదివారాలు వదిలేసి సోమవారం నుంచి గురువారం లోపు కొండమీద ఉండండి. అప్పుడు వారాంతం విశాఖకు పడుతుంది. పట్నానికి రద్దీ ఒక లెక్క కాదు.

ఏ నెలలో ఊరి వాటా పెంచాలి?

తెలంగాణ పల్లెకు ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా. జులై, ఆగస్టుల్లో నాట్లు. సెప్టెంబరు, అక్టోబరుల్లో చెరువులు నిండి, గునుగు, తంగేడు పూసి, బతుకమ్మ. దసరాకి సీతాఫలాలు. నవంబరులో వరి కోతలు, డిసెంబరు, జనవరిలో చలి. ఫిబ్రవరి చివర మోదుగులు పూస్తాయి.

మార్చి దాటాక ఎండ లెక్క మారుస్తుంది. బడి సెలవులేమో ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 దాకా, సరిగ్గా 40 డిగ్రీలు దాటే రోజుల్లో. అందుకని వేసవిలో ఊరికెళ్ళడం మానక్కర్లేదు. తాటిముంజలూ మామిడిపళ్ళూ అప్పుడే. ఊరి వాటాను మేలో పెట్టి రోహిణి కార్తె రాకముందే, అంటే 25వ తేదీ లోపు ముగించండి. పగలు పదకొండు నుంచి నాలుగు దాకా ఇంట్లోనే అని ముందే ఒప్పుకుని వెళ్ళండి. సోమశిల దగ్గర కృష్ణలో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి, శ్రీశైలం జలాశయం తగ్గే వేసవిలోనే బయటపడుతుంది. ఎండాకాలానికి మాత్రమే దక్కే కొద్దివాటిలో ఇదొకటి.

కోనసీమ, గోదావరి వైపు అయితే అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. గది రద్దు చేస్తే డబ్బులు వెనక్కిచ్చేలా చూసుకోండి. పాపికొండల లాంచీలు గోదావరికి వరదొస్తే ఆపేస్తారు, కాబట్టి జులై–సెప్టెంబరుల్లో ఆ ఆశ పెట్టుకోవద్దు.

సంక్రాంతికి, దసరాకి దారిలో చిక్కకుండా ఎలా?

రైలు టికెట్లు ప్రయాణానికి 60 రోజుల ముందు పొద్దున 8 గంటలకు తెరుస్తారు. జనవరి 13 ప్రయాణానికి నవంబరు 14. నిమిషాల్లో అయిపోతాయి కాబట్టి ప్రయాణికుల పేర్లు ముందు రోజే యాప్‌లో ఎక్కించి ఉంచండి. బెర్తు దొరక్కపోతే పండగ తేదీ పట్టుకుని వేలాడకుండా రెండు రోజుల ముందుకి జరగండి. పట్నం వాటాలోంచి ఆ రెండు తీసుకోవచ్చు.

కారైతే విజయవాడ హైవే మీద పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు టోల్‌గేట్లే కొలమానం. భోగికి ముందు శుక్ర, శనివారాలొస్తే సాయంత్రం బయల్దేరితే చౌటుప్పల్ దాటడమే గొప్ప. తెల్లవారుజామున మూడింటికి పెద్దఅంబర్‌పేట దాటాలి, లేదా భోగి రోజు పొద్దున వెళ్ళాలి. గుంటూరు, పల్నాడు వైపు వాళ్ళు నాగార్జునసాగర్, మాచర్ల మీదుగా పోతే విజయవాడ రద్దీ తగలదు, సాగర్‌లో భోజనానికి ఆగొచ్చు.

కనుమ నాడు కాకైనా కదలదంటారు. ఆ మాట పట్టించుకునేవాళ్ళు ఇంకా చాలామందే, కాబట్టి తిరుగు రద్దీ అంతా ముక్కనుమ నాడూ, దాని తర్వాతి ఆదివారమూ విరగబడుతుంది. సెంటిమెంటు లేనివాళ్ళు కనుమ మధ్యాహ్నం భోంచేసి బయల్దేరితే రోడ్డు ఖాళీ. ఉన్నవాళ్ళు ఇంకో రెండ్రోజులుండి పనిదినం నాడు రావాలి.

కారా, బస్సా?

ఊళ్ళో ఉండే రోజులను బట్టి. అవుట్‌స్టేషన్ క్యాబ్‌లు రోజుకి కనీసం 250, 300 కిలోమీటర్ల లెక్కన తీసుకుంటాయి, డ్రైవరు బత్తా వేరే. ఊళ్ళో మూడు రోజులు కారు వేపచెట్టు కింద నిలబడి ఉన్నా ఆ బిల్లు తిరుగుతూనే ఉంటుంది. క్యాబ్‌ను ఒకవైపుకే మాట్లాడుకుని, ఊళ్ళో పూటకో ఆటో పెట్టుకుంటే సగం మిగులుతుంది.

బస్సైతే తెలంగాణలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో 2023 డిసెంబరు నుంచి టికెట్టు లేదు, ఆధార్ చూపాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి అలాంటిదే స్త్రీశక్తి. కానీ ఎవరి రాష్ట్రంలో వాళ్ళకే, సరిహద్దు దాటే ప్రయాణానికి వర్తించదు. పండగ ముందు ఎక్స్‌ప్రెస్‌లో సీటు దొరకడం కష్టం. సామానుంటే డబ్బులు పెట్టి సూపర్ లగ్జరీలో సీటు రిజర్వు చేసుకోవడమే సుఖం.

శ్రీశైలం దారి పట్టేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి. నల్లమల అడవి గేట్లు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. హైదరాబాదులో ఆఫీసు ముగించుకుని ఆరింటికి బయల్దేరితే మన్ననూరులో ఆగిపోతారు. యాసంగి కోతల కాలంలో, ఏప్రిల్, మేలలో, పల్లె రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేరుస్తారు. చీకట్లో ఆ రాళ్ళు కనబడవు. పొద్దుండగానే ఊరు చేరండి.

ఊళ్ళో ఉంటూ ఆఫీసు పని చేయొచ్చా?

ఆ రోజులను సెలవుగా లెక్కపెట్టకుండా ఉంటే చేయొచ్చు. ఇంట్లో ఫైబర్ ఉందో లేదో, కరెంటు పోతే రౌటరుకు ఇన్వర్టర్ ఉందో లేదో అడగండి. రెండు కంపెనీల సిమ్‌లు తీసుకెళ్ళండి. నల్లమలలో, ములుగు అడవుల్లో చాలాచోట్ల ఏదీ పట్టదు. తప్పని మీటింగు ఉంటే దాన్ని పట్నం రోజుకి జరపడమే మంచిది. డాబా మీద ఒంటికాలిమీద నిలబడి సిగ్నల్ వెతుక్కునే మనిషి పక్కన ఇంట్లోవాళ్ళు కూడా సెలవులో ఉన్నట్టనిపించదు.

ఒకరికి పట్నం కావాలి, ఒకరికి ఊరు. ఎలా తేల్చాలి?

అందరూ అన్ని రాత్రులూ కలిసే ఉండాలన్న పట్టు వదిలితే తేలిపోతుంది. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర ఇంకో వారం వదిలి మీరు రావచ్చు. ఇంటర్ చదివే పిల్లాడు రెండు రాత్రులుండి హైదరాబాదుకు బస్సెక్కొచ్చు. ముసలివాళ్ళ సంగతి వేరు. వాళ్ళను పట్నం కొసల్లో ఎక్కువ తిప్పకుండా ఊళ్ళోనే దింపేయండి.

ఊరికి ఏం పట్టుకెళ్ళాలి?

రోజూ వేసుకునే మందులు లెక్కకన్నా మూడు రోజులు ఎక్కువ. మీరు వాడే బ్రాండు మండలంలో దొరక్కపోవచ్చు. లీటరు నీళ్ళలో కలిపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగైదు. అర గ్లాసు నీళ్ళలో ప్యాకెట్టంతా కలిపి తాగించడం పిల్లలకు మంచిది కాదు. పది, ఇరవై, యాభై నోట్లు, ఎందుకంటే ఫోన్‌పే అన్నిచోట్లా ఉన్నా సంతలో సిగ్నల్ పోయే పూట ఉంటుంది. దోమల మందు, టార్చి.

టార్చి చీకట్లో నడవడానికి. వానాకాలంలో పొలంగట్ల మీద, గడ్డివాము దగ్గర చెప్పుల్లేకుండా తిరగొద్దు. పాము కాటేస్తే కోయడం, పీల్చడం, తాడుతో బిగించి కట్టడం ఏదీ చేయకండి. కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి, విరుగుడు మందున్న ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. కుక్క కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో ధారగా కడిగి, ఆ రోజే టీకా మొదలుపెట్టాలి. తర్వాతి డోసులు తిరిగొచ్చాక హైదరాబాదులో వేయించుకోవచ్చు, చీటీ పారేయకండి.

కేరళకు వెళ్ళినా ఇదే లెక్కేనా?

ఇదే. ఐదు రాత్రులైతే కొచ్చి 1, మున్నార్ 2, అలెప్పీ పడవ ఇల్లు 1, మళ్ళీ కొచ్చి 1. కొచ్చి ఎయిర్‌పోర్టు నుంచి మున్నార్ 110 కిలోమీటర్లే, కానీ ఘాట్ రోడ్డు మీద నాలుగు గంటలు. పడవ ఇంట్లోకి మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో ఎక్కిస్తారు, సాయంత్రం ఐదున్నరకల్లా ఒడ్డుకు కట్టేస్తారు, మర్నాడు తొమ్మిదికి దింపేస్తారు. ఆలస్యంగా చేరితే తిరిగే గంటలే పోతాయి. ఎరవికులం పార్కును వరయాడులనే కొండమేకలు ఈనే కాలమని సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో మూసేస్తారు.

ఒక రోజు తగ్గించాల్సి వస్తే ఏది కొట్టేయాలి?

పట్నంలోంచి ఒక పూట, అది చాలకపోతే ఇంకో పూట. ఊరి మూడు రాత్రుల్లోంచి ఒకటి తీసే పరిస్థితి వస్తే ఊరిని పూర్తిగా మానుకుని మరోసారి వెళ్ళండి. ఒక్క రాత్రిని మాత్రం ముట్టుకోవద్దు, తిరుగు ఫ్లైటుకు ముందు హైదరాబాదులో పడుకునేదాన్ని. విదేశీ ఫ్లైటుకు మూడు గంటల ముందు శంషాబాదులో ఉండాలి. వరంగల్ నుంచైనా ఎయిర్‌పోర్టుకు ఖాళీ రోడ్డు మీద మూడు గంటలకు పైనే. దారిలో టైరు పేలినా, ఓఆర్‌ఆర్ ఎక్కేముందు లారీ అడ్డం తిరిగినా, ఆ ఆలస్యానికి సరిపడా గంటలు మీ చేతిలో ఉండాలి. రాత్రి హైదరాబాదులోనే ఉంటే, మర్నాడు పొద్దున టైలరు దగ్గర ఆగిపోయిన ఆఖరి జాకెట్టు తెచ్చుకోవడానికి కూడా టైముంటుంది.